చింతపండుతోని తోమిన రేసు కారు

"దీన్ని చింతపండు పెట్టి తోమినవా?"

"తోమిన. నల్లగుంటే తోమిన."

"నీ చేతులు ఎవరన్న కట్టేస్తే బాగుండు."

"కట్టేస్తే రేపటి సంది నీకు పేపరు ఎవరు కొడతరు?"

నా పెనిమిటికి, నాకు నడుమ జరిగిన ఆఖరి మాటలు ఇవే. ముప్పై ఏండ్ల సంసారం వచ్చి వచ్చి చింతపండు కాడ ఆగింది. ఆయన చెప్పులు తొడుక్కొని, రంగుల కలిపే తిన్నర్ డబ్బా తేను బయటికి పోయిండు. రంగుల దుకాణం మా గల్లీ మూల మీదనే, చందానగర్ పెద్ద రోడ్డుకు ఆనుకొని ఉంటది. ఆ దుకాణం మెట్టు మీదనే కూలబడ్డడు. దవాఖానకు తీసుకపోయేసరికే అంత అయిపోయింది. గుండె అన్నరు.

ఇంటికి వచ్చినోళ్లందరిదీ ఒకటే అడుగుడు. "పోయేటప్పుడు ఏమన్నడు? నీకు ఏం చెప్పి పోయిండు?" నేనేం చెప్పాలె? నా చేతులు కట్టెయ్యమన్నడని చెప్పాలెనా? "పైలం అన్నడు, జాగ్రత్తగ ఉండు అన్నడు" అని చెప్పిన. అబద్ధమే. మా మరిది ఆ మాట పట్టుకొని వచ్చినోళ్లకు, పోయినోళ్లకు చెప్పుడు మొదలువెట్టిండు. "మా అన్న ఆఖరి మాట కూడ వదినె గురించే. పైలం అని చెప్పి పోయిండు." విన్న ఆడోళ్లు కొంగులు నోట్ల కుక్కుకొని ఏడ్సిరి. నాకు ఏడుపు రాలే. కోపం వచ్చింది. ఆ పోయినాయన మీదనే వచ్చింది. తిట్టు తిట్టి, నా మాటకు జవాబియ్యకుండ పోవుడు ఏం పద్ధతి?

ఇదంత మా చెల్లె బిడ్డ రాస్తున్నది. నాకు అంకెలు వస్తయి, సంతకం వస్తది, బస్సు మీది బోర్డు కూడబలుక్కొని చదువుత. ఇంత పొడుగు రాసుడు నాతోని కాదు. అందుకే నేను చెప్తున్న, ఆమె రాస్తున్నది. నడుమల ఆగి నా మొకం చూస్తున్నది గని, చూడాల్సిన పని లేదు. రాయాలె, అంతే.

నా పెనిమిటి కార్లకు రంగులేసేటాయన. కొత్తగూడ కాడ మాకు రేకుల షెడ్డు ఉండె. సొట్ట పోయిన బండి, గీతలు పడ్డ బండి, గుద్దుకొని నలిగిన బండి, అన్ని అక్కడికే వస్తుండె. ఆయన గన్ను పట్టి రంగు కొడుతుండె. నేను పేపరు కొడుతుంటి. పేపరు కొట్టుడు అంటే నీళ్లల్ల ముంచిన గరుకు కాగితంతోని బండి ఒళ్లంత రుద్దుడు. ముందు గరుకుది, తర్వాత సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. అరచేయి పెట్టి తడిమితే గాజు మీద పెట్టినట్టు ఉండాలె. అప్పుడే రంగు. వేళ్ల మీది గీతలు అరిగిపోయి, రేషన్ దుకాణంల మిషన్ మీద నా బొటనవేలు పడకపోయేది. డీలరు నన్నే తిడుతుండె, వేలు సరిగ్గ పెట్టమని.

బండి తీసుకపోను వచ్చినోడు రంగు చూసి ఆయన వీపు తడుతుండె. "ఏం చెయ్యి అన్నా నీది" అంటుండె. నేను ఆ పక్కనే బకెట్ పట్టుకొని నిలబడి ఉంటుంటి. రంగు కింద నేను రుద్దింది ఎవరికి కనపడుతది? మంచిగ రుద్దితే కనపడదు. సరిగ్గ రుద్దకుంటేనే అందరికి కనపడుతది.

తర్వాత అక్కడ పెద్ద పెద్ద ఇండ్లు లేచినయి, వంతెన పడ్డది, షెడ్డు జాగ పోయింది. మేం చందానగర్‌ల రెండు గదుల కిరాయి ఇంటికి వచ్చినం. ఏండ్ల సంది పీల్చిన రంగు పొగ ఆయన ఊపిరిని దెబ్బ తీసింది. దవాఖానల డాక్టరమ్మ పెద్ద గన్ను ఇగ పట్టొద్దన్నది. ఊకె కూసునే మనిషి కాదాయన. ఎవరో సాఫ్ట్‌వేర్ పిలగాడు తన బొమ్మ కారు గీతలు పడ్డదని పట్టుకొచ్చిండు. ఇనుప బొమ్మ కారు, అచ్చు పెద్ద కారు లెక్కనే ఉంది, తలుపులు తెరుచుకుంటయి, సీట్లు ఉన్నయి. ఆయన దానికి రంగేసి ఇచ్చిండు. ఆ పిలగాడు పది మందికి చెప్పిండు. ఇట్లాంటి బొమ్మలు పోగేసే పెద్దోళ్లు ఈ కంపెనీలల్ల ఇంతమంది ఉన్నరని మాకు అప్పుడే ఎరుక. వాటిని వాళ్లు బొమ్మలంటే ఊకోరు. మోడల్ అనాలె.

వంటింటి పక్కన సన్న జాగల అట్టపెట్టె కోసి, దానికి వెనక ఫ్యాను బిగించి, చిన్న గన్నుతోని పని మొదలువెట్టిండు. పెన్ను అంత గన్ను. నా పేపరు కొట్టుడు మాత్రం తప్పలే. ఇప్పుడు అగ్గిపుల్లకు కాగితం చుట్టి రుద్దాల్సి వచ్చింది.

ఇగ ఆ కారు సంగతి. కోకాపేటల ఇరవై ఎన్నో అంతస్తుల ఉండే సార్ ఒకాయన తెచ్చిండు. ఆంధ్ర దిక్కు మనిషి, మాట మాటకు అండీ అంటడు. పాతకాలం రేసు కారు అది. పైకప్పు లేదు, ముందర బీరకాయ లెక్క పొడుగు ముక్కు, చక్రాలు నాలుగు బయటికే ఉంటయి, ఒక్క మనిషి కూసునే జాగ. మూరెడు కాదు, జానెడు ఉంటది. చిన్నప్పుడు ఆ సారే దానికి వాళ్లింటి గేటుకు వేసిన నీలం పెయింటు పూసిండట. వాళ్ల నాయన తంతే, నలభై ఏండ్లు పెట్టెల పడేసిండట. "మళ్లీ మొదట్లో ఉన్న ఆకుపచ్చ రావాలండి. చక్రాలకు ఊచలు ఉండాలి, ప్లాస్టిక్ తీసెయ్యండి. బానెట్ మీద తోలు పట్టీ, స్టీరింగు, సైలెన్సరు గొట్టం, అన్నీ అసలు కారుకు ఉన్నట్టు చెయ్యాలి" అని ఫొటోలు ఇచ్చిండు. ఊచల చక్రాలు ఎక్కడినుంచో తెప్పించి ఆయనే ఇచ్చిండు.

నా పెనిమిటి కింద ఉన్న రివిట్లు తొలిచి కారును విప్పిండు, ఏది ఎట్ల బిగించాలెనో కాగితం మీద గీసి పెట్టిండు. ఐస్‌క్రీమ్ డబ్బాల మందు పోసి ముంచితే నీలం పెయింటు పొక్కులు లేచి ఊడొచ్చింది, దాని కింది ఆకుపచ్చ కూడ ఊడొచ్చింది. కడిగి, తుడిచి, పాత పేపరు మీద బోర్లించి పెట్టి చాయ్ తాగను లేచిండు. నేను చూసిన. లోహం మీద అక్కడక్కడ నల్ల మచ్చలు. ఇత్తడి చెంబు మీద మచ్చ ఉంటే ఏం చేస్తం? గిన్నెల నానిన చింతపండు ఉన్నది. ఇంత తీసుకొని, ఉప్పు కలిపి, పీచుతోని తోమిన. ఇత్తడి అయితే బంగారం లెక్క మెరిసేది. ఇదేమో మెరుపు పోయి బూడిద రంగుకు తిరిగింది. మల్ల తోమిన. ఇంకా బూడిదయింది. అప్పుడే ఆయన చాయ్ గ్లాసు పట్టుకొని వచ్చిండు. ఏం మాటలయినయో మొదట్లనే చెప్పిన.

పదకొండోనాడు ఆ సార్ వచ్చిండు. తెల్ల అంగి వేసుకొని, పండ్లు పట్టుకొని వచ్చి ఫొటో ముందర నిలబడ్డడు. మా మరిది ఆయనకు కూడ "పైలం" కథ చెప్పిండు. ఆయన కండ్లు తుడుచుకున్నడు. మంచి మనిషే, కాదంటలేను. పోయే ముందు నా దగ్గరికి వచ్చి మెల్లగ అన్నడు:

"అమ్మా, ఈ సమయంలో అడగకూడదు. ఆ కారు ఎలా ఉందో అలా ఇచ్చేస్తే తీసుకెళ్తానండి. వేరే ఊళ్లో ఒక ఆర్టిస్ట్ ఉన్నారు. ఆయన చేత పూర్తి చేయిస్తాను. మీకు ఆ శ్రమ వద్దు."

నాకు ఒళ్లు మండింది. శ్రమ వద్దట. ముప్పై ఏండ్ల సంది ఎవరిదయ్యా శ్రమ? కారు లోపలి గదిల బట్టల చుట్టి ఉన్నది, బూడిద ఒళ్లుతోని. అది ఆయన చేతికిస్తే చింతపండు సంగతి బయటపడుతది. ఆ వేరే ఊరి ఆర్టిస్టు చూసి, ఎవడో నాశనం చేసిండు అంటడు. ఆ ఎవడో అనే మాట నా పెనిమిటి మీద పడుతది. నేను పూర్తి చేస్త అంటే ఈయన ఇస్తడా? పేపరు కొట్టే ఆమె అనుకుంటడు. అది కూడ అనుకోడు, చాయ్ ఇచ్చే ఆమె అనుకుంటడు.

"రంగు అయిపోయింది సార్" అన్న. "పోకముందే ఆయన ఏసిండు. ఆరుతున్నది. చిన్న చిన్న బిగింపులు ఉన్నయి, అవి నాకు వస్తయి. నెల రోజులు ఆగి రండి."

ఆ సార్ మొకం వెలిగిపోయింది. "అయితే అదే ఆయన చివరి పనండి" అన్నడు.

అవును అన్న. రెండో అబద్ధం.

వారం తిరగకముందే కారు చేతిల పట్టుకొని రంగుల దుకాణానికి పోయిన. ఆ మెట్టు ఎక్కుడే నాకు కష్టమైంది. దుకాణం ముసలాయన లేచి కుర్చీ వేసిండు. ఆయన ఒళ్లోనే కదా నా పెనిమిటి పాణం ఇడిచింది. నేను కారు చూపెట్టి, చింతపండు సంగతి దాచకుండ చెప్పిన. ఆయన అద్దాలు పైకి తోసి, కిటికీ దిక్కు తిప్పి చూసి, గోరుతోని గీకిండు. నేను తిట్లకు తయారుగ ఉన్న.

"భాభీ, జర కూడ ఫికర్ చెయ్యకు" అన్నడు. "నున్నగ మెరిసేదానికి రంగు పట్టదు, పొరలు పొరలు ఊడుతది. ఇట్లాంటి బొమ్మలకు కొందరు కావాలనే సిర్కా, అదే వెనిగర్, పూస్తరు. పులుపు దీన్ని కొరికింది, ఇప్పుడు దీనికే కొరికే పండ్లు వచ్చినయి. ప్రైమర్ కొట్టి చూడు, జలగ లెక్క పట్టుకుంటది. కాకుంటే సోడా నీళ్లతోని మంచిగ కడిగి ఆరబెట్టు, పులుపు ఉండొద్దు."

ఆ ముక్క ఇని నేను మెట్టు మీద కూసున్న. మంచిదే చేసిన్నట. తెలిసి చెయ్యలే, మచ్చలు పోవాలని చేసిన, గని మంచిదే అయింది. ఈ మాట చెప్పను ఇంట్ల మనిషి లేడు. ఒక్క గంట ఆగి, కారు పట్టుకొని దుకాణానికి వస్తే ఈ ముసలాయన ఆయనకే చెప్పేటోడు కదా. తిన్నర్ ఎందుకు, తిన్నర్. ఇంట్ల సగం డబ్బా ఇంకా ఉండె.

ఆ రోజే ఆకుపచ్చ కలిపిచ్చిన. ఇక్కడ ఒక గుట్టు చెప్పాలె. నా పెనిమిటికి ఆకుపచ్చ సక్కగ కనపడకపోయేది. ముదురు ఆకుపచ్చ, మట్టి రంగు, రెండు ఆయనకు ఒక్కలెక్కనే. పెండ్లయిన రెండో ఏడు నాకు తెలిసింది, ఒక జీపు తలుపుకు మట్టి రంగేసి, జీపుకు సరిపోయిందని మురిసిపోతుంటే. నేను ఎవరికీ చెప్పలే. అప్పటి సంది రంగు కలిపినప్పుడల్ల ఆయన రేకు ముక్క మీద కొట్టి, ఎండల పెట్టి, "ఏమే, చూడు" అంటుండె. నేను "ఇంత నలుపు", "ఇంత పసుపు" అంటుంటి. నేను ఊ అంటేనే గన్నుల పోస్తుండె. రంగులేసేటోనికి రంగు కనపడదంటే ఎవడు బండి ఇస్తడు? అందుకే ఆయన పోయేదాంక నా నోరు ఇప్పలే. ఇప్పుడు ఇప్పుతున్న. ఆయనను తక్కువ చెయ్యను కాదు. ఆ చేతికి ఒక కన్ను తోడుండె, ఆ కన్ను నాది, అది చెప్పను.

దుకాణం ముసలాయన చుక్క చుక్క కలుపుతుంటే నేను ఫొటో పక్కన పెట్టి చూసిన. ఇంకో చుక్క నలుపు. పసుపు మొనంత. ఎండల పెట్టి చూసిన, నీడల పెట్టి చూసిన. వర్షం పడ్డ తెల్లారి చామ ఆకు అడుగు ఎట్లుంటదో అట్ల రావాలె. వచ్చింది.

రంగు కలుపుడు ఒక ఎత్తు, గన్ను పట్టుడు ఇంకో ఎత్తు. ముప్పై ఏండ్లు పక్కన నిలబడ్డ గని, గన్ను మీట మీద నా వేలు పడలే. మొదటిసారి దగ్గరికి పెట్టి కొట్టిన, రంగు కన్నీళ్ల లెక్క కారింది. తిన్నర్ గుడ్డతోని అంత తుడిచేసిన. రెండోసారి దూరం పెట్టిన, రంగు గాలిలనే ఎండి, బత్తాయి తొక్క లెక్క గరుకు గరుకు పడ్డది. దాన్ని కూడ తుడిచేసిన. ఆ రోజు ఆయనను మంచిగ తిట్టుకున్న. ఒక్కనాడన్న నా చేతికి ఇయ్యకపోయినవ్, బకెట్ ఒక్కటే ఇచ్చినవ్ అని తిట్టుకున్న.

మల్ల కూసొని యాది తెచ్చుకున్న. ఆయన ముందు నేల మీద నీళ్లు చల్లుతుండె, దుమ్ము లేవకుండ. పాత పేపరు మీద ఒకసారి కొట్టి, చప్పుడు వింటుండె. గన్ను సన్నగ బుస్సుమంటేనే పని, గుర్రుమంటే ఆపి కడుగుతుండె. బండి మీద కాదు, బండి అవతల గాలిల మొదలువెట్టి, బండి దాటినంక గాలిలనే ఆపుతుండె. ఇవన్ని నాకు తెలుసు. తెలుసని నాకే తెల్వకుండె.

మూడోసారి పట్టపగలు, ఎండ మంచిగ ఉన్నప్పుడు కూసున్న. నీళ్లు చల్లిన. చప్పుడు విన్న. సన్నగ నాలుగు సార్లు వేసిన, ఒక్కోసారి ఆరనిచ్చి. ప్రైమర్ అప్పటికే జలగ లెక్క పట్టుకొని ఉన్నది, ముసలాయన చెప్పినట్టే. ఆకుపచ్చ దాని మీద పోయి కూసున్నది. ఆఖరుకు మెరుపు కోటు వేసిన. నేను దాని దిక్కు చూస్తుంటే మా మరిది తలుపు కాడికి వచ్చిండు, గన్నుకు గాలి ఇచ్చే కంప్రెషర్ ఎవరికో ఇస్తనని అడగను.

"ఏంది వదినె, నెల మాసికం కూడ కాలే, గన్ను పట్టినవా?"

"నువ్వు పట్టుతవా?"

"నాకేం వస్తది."

"అయితే తలుపు దగ్గరికెయ్యి, దుమ్ము వస్తున్నది."

మిగిలిన పని కండ్లు పోయే పని. పాత పర్సు లోపలి తోలు కోసి, సన్న పట్టీలు చేసి ముక్కు మీద కట్టిన. రాగి తీగె పెన్ను చుట్టూ తిప్పి స్టీరింగు చేసిన. సైలెన్సరు గొట్టానికి తెల్ల దారం చుట్టిన, ఫొటోల అట్లనే ఉన్నది. తెల్ల గుండ్రం కోసం టేపు మీద సీసా మూత పెట్టి గీసి, కోసి, వేసిన. దాంట్ల అంకె సార్ ఇచ్చిన స్టిక్కరే, నీళ్లల్ల నానబెడితే జారి వస్తది. ఊచల చక్రాలు బిగిస్తే కారు లేచి నిలబడ్డది. ఉరుకుతదేమో అనిపించింది.

చెప్పిన రోజుకు సార్ వచ్చిండు. కారును రెండు చేతులల్ల పట్టుకొని కిటికీ కాడికి పోయి అటిటు తిప్పి చూసిండు.

"ఆయన చెయ్యి తెలిసిపోతోందండి" అన్నడు. "ఈ ఫినిషింగ్ ఇంకెవరి వల్లా కాదు."

అబద్ధం చెప్పింది నేను, ఇప్పుడు ఎట్ల మింగాలె? ఆయన కండ్లల్ల నీళ్లున్నయి. పోనీ తీయ్ అనుకున్న. ఆ పోనీ తీయ్ అనుకునుడే నా తప్పు.

కొన్ని దినాలకు హైటెక్ సిటీల ఒక కంపెనీ బిల్డింగుల ఇట్లాంటి కార్ల ప్రదర్శన పెట్టిండ్రు. సార్ రమ్మని ఫోన్ చేసిండు. నేను, మా చెల్లె బిడ్డ లోకల్ రైలెక్కి, దిగి, ఆటోల పోయినం. గేటు కాడ ఫొటో తీసి, కొంగు మీద కాగితం అంటించి లోపలికి పంపిండ్రు. లోపల చలి. నల్ల గుడ్డలు పరిచిన బల్లలు, వాటి మీద కార్లు. మా కారు నడుమల, అద్దాల పెట్టెల, తిరిగే చెక్క మీద మెల్లగ తిరుగుతున్నది. జనం ఫోన్లు పట్టుకొని దాని చుట్టే ఉన్నరు. నాకు ఎంత సంబురమైందో. అప్పుడు పక్కన కార్డు చూసిన. నా పెనిమిటి ఫొటో ఉన్నది దాని మీద, మా మరిది ఇచ్చిందే.

"చదువు బిడ్డా" అన్న.

పిల్ల ఇంగ్లీషుల ఉన్నది చదివి తెలుగుల చెప్పింది. "ఇది ఒక గొప్ప పెయింటర్ చివరి పని. రంగు పూర్తి చేసి, భార్యకు జాగ్రత్తలు చెప్పి కన్నుమూశారు."

రెండు అబద్ధాలు, రెండూ నావే, ఇంగ్లీషుల అచ్చయి నిలబడ్డయి. అక్కడ ఎవరో కంపెనీ అమ్మాయి పక్కనామెతోని అంటున్నది, "ఆ పెయింట్ చూడు, ఎంత సాఫ్‌గా ఉందో, పాపం చనిపోయే ముందు చేశాడట." పాపం అట. నాకు అరికాలు మంట నెత్తికెక్కింది. సార్ కాడికి పోయిన.

"సార్, ఆ రంగు నేనేసిన."

"అవునమ్మా, మీరూ సాయం చేశారు కదా. మీ ఇద్దరిదీనండి."

"సాయం కాదు. ఆయన పోయినప్పటికి దాని మీద రంగు చుక్క లేదు. బూడిద ఉండె. మొత్తం నేనేసిన."

సార్ చుట్టూ చూసిండు. మొకం ఎర్రబడ్డది. "మరి ఆ రోజు మీరే ఆయన వేశారన్నారు కదండీ."

"అబద్ధం చెప్పిన."

"ఎందుకమ్మా?"

"నిజం చెప్తే మీరు కారు ఇడిచిపెట్టేటోళ్లా?"

పక్కన తెల్లజుట్టు పెద్దమనిషి ఒకాయన వింటున్నడు, ఆయనకు కూడ ఇట్లాంటి కార్లు ఉన్నయట. "అంచుల దగ్గర రంగు లేవకుండా ఎలా పట్టిందమ్మా?" అని అడిగిండు. "చింతపండు పెట్టి తోమిన" అని చెప్పిన. చుట్టూ ఉన్నోళ్లు నవ్విండ్రు. ఆ పెద్దమనిషి ఒక్కడు నవ్వలే, నా చేతులు చూసిండు.

సార్ ఏం చేసిండో చూడాలె. జేబుల పెన్ను తీసి, ఆ కార్డు కింద ఒక లైను రాసిండు. రాసి నా దిక్కు చూసి, ఇగ సంతోషమేనా అన్నట్టు తల ఊపిండు. పిల్ల చదివింది. "భార్య సహకారంతో."

నేను బయటికి వచ్చిన. గేటు కాడ కొంగు మీది కాగితం పీకి అక్కడి డబ్బాల వేసిన. రైలుల కూసున్నంక పిల్ల అన్నది, "పోనీ పెద్దమ్మ, రాసిండు కదా." పోనీ అని ఇగ అనొద్దని చెప్పిన.

ఇంటికి వస్తే మా మరిది. ఆయనకు అప్పటికే ఎవరో చెప్పిండ్రు. "పోయిన మనిషి పేరు తీసి నీ పేరు పెట్టుకుంటవా వదినె? లోకం ఏమనుకుంటది?"

"మీ అన్న పేరు నేనెందుకు తీస్త? ముప్పై ఏండ్లు ఎన్ని బండ్లు పోయినయి ఆయన పేరు మీద. ఒక్కదానికి అడిగిన్నా నేను? ఈ ఒక్కటి నేనేసిన. ఆయన వెయ్యలే. ఆయన వెయ్యనిది ఆయనకు కట్టబెడితే, ఆయన వేసినయి కూడ అబద్ధమే అంటరు రేపు."

ఆ దినం సంది మరిది కంప్రెషర్ మాట ఎత్తలే.

మొన్న సార్ మల్ల ఫోన్ చేసిండు. తెల్లజుట్టు పెద్దమనిషి కారును భూతద్దం పెట్టి చూసిండట, తన కాడున్న నా పెనిమిటి పాత పనికి, దీనికి తేడా ఉన్నదన్నడట. నా పెనిమిటి రంగు కుడి నుంచి ఎడమకు పోతదట, ఇది ఎడమ నుంచి కుడికి పోయిందట. నాది ఎడమ చెయ్యి, అది ఎవరూ అడగలే. సార్ గొంతు చిన్నది చేసుకొని అన్నడు, "తప్పు నాదేనమ్మా. మీరే రాయించి పంపండి. ఏం రాస్తే అది అచ్చు వేయించి పెడతాను. మరొక కారు కూడా ఉందండి, మీరే చెయ్యాలి."

"కారు తర్వాత. ముందు కాగితం" అన్న.

"కార్డు ఎంతో ఉండదండి, రెండు లైన్లు సరిపోతాయి."

రెండు లైన్లు సరిపోవు. అందుకే ఈ పిల్లను కూసోబెట్టుకున్న. దీంట్ల ఏది ఎవరిదో సక్కగ ఉండాలె. కారు విప్పింది ఆయన. రివిట్లు తొలిచింది, పాత రంగు తీసింది, ఏది ఎట్ల బిగించాలెనో కాగితం మీద గీసి పెట్టింది ఆయన. అది ఆయన నుంచి ఎవరూ తీసుకోరు. తోమింది నేను. రంగు కలిపిచ్చింది, వేసింది, పట్టీలు కట్టింది, చక్రాలు ఎక్కిచ్చింది నేను. పైలం అని ఆయన అనలే. ఆయన ఏమన్నడో అదే ఉండాలె, తిట్టు తిట్టు లెక్కనే ఉండాలె. ఎట్ల అచ్చు వేయించుకుంటడో సార్ వేయించుకోని, కార్డుల పట్టకుంటే కార్డు పెద్దది చేసుకోని.

అయిపోయింది బిడ్డా, ఇగ రాయకు. నువ్వు చదువుకున్నదానివి, నా మాటలు దిద్ది, మర్యాద పెట్టి రాసినవేమో అని నా అనుమానం. మొదటి సంది చదువు. నేను వేసిన అన్న కాడ వేసిన అనే ఉన్నదా, సాయం చేసిన అని రాసినవా, అది నా చెవుల పడాలె. మెల్లగ చదువు.